మల్లెకు నెమలి పేరు: హవాయి భాషలో ఇంటి మాటలు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, మధ్యాహ్నం నిద్ర మానుకుని, ఎక్కడో పసిఫిక్ మధ్యలో ఉన్న దీవుల భాష గురించి వినడానికి వచ్చారు. చాలా సంతోషం.

నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి హొనొలులు వెళ్లి, రెండు విడతల్లో కలిపి ఏడాది పైచిలుకు ఉన్నాను. చూడ్డానికి వెళ్లేవాళ్లు అక్కణ్నించి అలొహ, మహలొ అనే రెండు మాటలు పట్టుకుని తిరిగొస్తారు. మొదటిది ప్రేమతో పలకరింపు, రెండోది కృతజ్ఞత. రెండూ మంచి మాటలే. కానీ భాషంతా వంటింట్లో, వీధి మలుపులో, పిల్లల్ని కేకేసి పిలిచే గొంతులో ఉంటుంది. ఆ మాటల్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగులోంచి నేరుగా నేర్చుకోవచ్చని చెప్పడానికే ఇవాళ వచ్చాను. సగం దారి మనకు ముందే వేసి ఉంది.

మీరందరూ ఇప్పటికే ఒక హవాయి మాట వాడుతున్నారు. వికీపీడియాలోని వికీ ఆ భాషదే. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ఆయన, చదివేవాళ్లెవరైనా దిద్దగలిగే వెబ్‌సైటు ఒకటి తయారుచేసి, హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు దానికి పెట్టాడు. ఆ బస్సు పేరు వికివికి. వికి అంటే వేగం. దాన్ని రెండుసార్లు అంటే వికివికి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి చాలా వేగంగా అని అర్థం రాస్తారు. మనకంత శ్రమ అక్కర్లేదు, గబగబా అంటే సరిపోయింది. చకచకా, బిరబిరా, గబగబా అంటూ పెరిగినవాళ్లకు మాటను జంటచేస్తే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? వై అంటే మంచినీళ్లు, వైవై అంటే సంపద. లొమి అంటే పిసకడం, లొమిలొమి అంటే ఒళ్లు పట్టడం.

ఇక శబ్దాల సంగతి. అచ్చులు ఐదు. హల్లులు హ, క, ల, మ, న, ప, వ. వీటికి తోడు ఎనిమిదో హల్లు ఒకటుంది, దాని పేరు ఒకిన. గొంతును క్షణం బిగించి వదలడమే ఒకిన. రెండు హల్లులు ఎప్పుడూ కలవవు కాబట్టి ఒత్తులు లేవు. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అజంత భాష అని మన తెలుగును మురిపెంగా చెప్పుకుంటాం కదా, హవాయి భాష ఆ విషయంలో మనకంటే పట్టుదల గలది. మెరీ క్రిస్మస్ అన్న పలకరింపు దీవుల్లోకి వచ్చి మెలె కలికిమక అయింది. బస్, కార్ అని వచ్చినవాటిని బస్సు, కారు చేసుకున్న మనకు అందులో వింత ఏముంది? వాళ్ల వ కూడా కొన్నిచోట్ల పళ్లు పెదవికి తగిలినట్టు, కొన్నిచోట్ల పెదవులు గుండ్రం చుట్టినట్టు వినబడుతుంది. ఇంగ్లీషువాళ్లు రెండు అక్షరాల మధ్య తికమకపడతారు. మన వ ఆ రెంటికీ చాలు.

హొనొలులులో మేముండే వైపు పెద్ద రోడ్డొకటి ఉంది. మా అల్లుడి ఫోనులో దారి చెప్పే గొంతు దాన్ని లైక్‌లైక్ అనేది. ఆ రోడ్డు పేరు లికెలికె. అది ఒక రాకుమారి పేరు. హవాయి చివరి రాణి లిలిఉవొకలని చెల్లెలావిడ. ఆ రాకుమారి పేరు తప్పు పలుకుతుంటే నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఉన్నది ఉన్నట్టు చదివే అలవాటున్న తెలుగువాడు ఆ బోర్డు చూసి తప్పు చదవడం కష్టం.

పలకడంలో జాగ్రత్తపడాల్సింది దీర్ఘం దగ్గర, ఒకిన దగ్గర. ఒకినకు మన లిపిలోనే ఒక ఉపాయం ఉంది. హల్లు తర్వాత గుణింతం ఇవ్వకుండా అచ్చును విడిగా రాయండి. గొంతు తనంతట తనే ఆగుతుంది. పలకండి నాతో. పౌ: అయిపోయింది. పఉ: మసి. పఊ: తడి. పాఊ: ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే లంగా. నాలుగూ వేరువేరు మాటలు. లానై అంటే వరండా, లానఇ అంటే ఒక దీవి. దీర్ఘంతోనే ఏకవచనం బహువచనమయ్యే మాటలూ కొన్ని ఉన్నాయి. కుపున అంటే ఒక పెద్దావిడో పెద్దాయనో, కూపున అంటే పెద్దలు. వహినె ఒక స్త్రీ, వాహినె స్త్రీలు.

ఈ గుర్తులు మొదట్లో సరిగ్గా రాసేవారు కాదు. 1820లో క్రైస్తవ మిషనరీలు వచ్చారు, 1822లో అచ్చు మొదలైంది, 1826లో ఏ అక్షరాలు ఉంచాలో తేల్చారు. 1834 నుంచి హవాయి భాషలో పత్రికలు వచ్చాయి. వందేళ్లకు పైగా నడిచిన ఆ పత్రికల పుటలు లక్ష దాటాయి. వాటిలో ఒకినలూ దీర్ఘాలూ దాదాపు కనబడవు. చదివేవాళ్లకు అమ్మ భాష అది, సందర్భాన్ని బట్టి మసి ఏదో తడి ఏదో తెలిసేది. అమ్మ భాష కానివాళ్లు వచ్చి చదవాల్సిన రోజు ఒకటి వస్తుందని ఎవరనుకున్నారు?

ఆ రోజు వచ్చింది. 1893లో రాణిని గద్దె దించారు. 1896లో బళ్లన్నిటా చదువు ఇంగ్లీషులోనే సాగాలని చట్టం చేశారు. ఇంటి భాష మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్న పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లలకు ఆ దెబ్బలు వద్దని ఇంట్లో కూడా ఆ భాష మానేశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. చట్టం బడి దగ్గరే ఆగింది, భయం మాత్రం వంటింటిదాకా వచ్చింది. 1978లో రాజ్యాంగ సవరణతో హవాయి మళ్లీ అధికార భాష అయ్యేనాటికి, దాన్ని మాట్లాడే చిన్నపిల్లలు ఎక్కడో నిఇహౌ అనే ఒక్క చిన్న దీవిలో తప్ప దాదాపు లేరు.

బోర్డుల మీద రాసినంత మాత్రాన భాష లేచి కూర్చోదు. లారీ కిమురా అనే అధ్యాపకుడు 1972లో రేడియోలో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, భాష వచ్చిన ముసలివాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1983లో ఆయనా ఇంకొందరూ కలిసి ఒక సంస్థ పెట్టారు. మరుసటి ఏడు కౌవఇ దీవిలోని కెకహ అనే ఊళ్లో పసిపిల్లల బడి తెరిచారు. దాని పేరు పూనన లెయొ. పూనన అంటే గూడు, లెయొ అంటే గొంతు. ఆ గూట్లో పొద్దున్నించి సాయంత్రందాకా హవాయి తప్ప ఇంకో మాట ఉండదు. చెప్పులు విప్పు, చేతులు కడుక్కో, ఇటు రా, అన్నం తిను. ఆ మాటలే బతికించాయి. 1986లో పాత నిషేధం తొలగింది, 1987లో ప్రభుత్వ బళ్లలో హవాయి మాధ్యమం మొదలైంది, 1999లో అలా చదివిన మొదటి జట్టు హైస్కూలు దాటింది. ఇప్పుడు కంప్యూటరుకూ వాళ్లకు సొంత మాట ఉంది, లొలొ ఉవిల. లొలొ అంటే మెదడు, ఉవిల అంటే మెరుపు, కరెంటు.

మళ్లీ మన ఇంటికి వద్దాం. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. వీధి అంతా ఆవిణ్ని తూతూ అనేది. అమ్మమ్మకైనా నానమ్మకైనా తాతకైనా అదే పిలుపు. ఒకరోజు వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. ఆవిడ పళ్లెం నా వైపు జరిపి "ఎ అఇ కాకొవు" అన్నారు. మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెప్పబోయింది. ఈలోగా నాకు అర్థమైంది: మనం తిందాం. మేము కాదు, మనం. ఇంగ్లీషులో మేము, మనం అనే తేడా లేదు కాబట్టి అక్కడి విద్యార్థులకు పలక మీద బొమ్మలు గీసి చెబుతారట. కాకొవు అంటే ఎదుటివాళ్లను కలుపుకున్న మనం. మాకొవు అంటే ఎదుటివాళ్లను వదిలేసిన మేము. ఇద్దరమే ఉంటే కావువ, అంటే నువ్వూ నేనూ. మావువ అంటే మేమిద్దరం. రామః, రామౌ, రామాః అని చిన్నప్పుడు వల్లెవేసినవాళ్లకు ఆ ద్వివచనం కూడా కొత్త కాదు.

కొత్తది ఇంకోటుంది, నా అనే మాట. వాళ్లకు నా అనడానికి రెండు రకాలున్నాయి. నేను తెచ్చుకున్నది, చేసుకున్నది, నాతో మొదలైనది అయితే కఉ. నాకంటే ముందున్నది, నాకు పుట్టుకతో వచ్చినది, నన్ను చుట్టుకుని ఉండేది అయితే కొఉ. నా పుస్తకం, నా తిండి కఉ. నా పేరు, నా ఇల్లు, నా బట్టలు కొఉ. భర్త, బిడ్డ కఉ. అమ్మానాన్నలు, తోబుట్టువులు కొఉ. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మనవరాలు నాకు కఉ మొఒపున. నేను దానికి కొఉ కుపున. ఒకే బంధం, నా వైపునుంచి ఒక నా, దాని వైపునుంచి ఇంకో నా. రెండు మాటల చివరా పున ఉంది చూడండి. పున అంటే ఊట అనే అర్థమూ ఉంది.

చుట్టరికాల దగ్గర మాత్రం మన దారి వేరు. అమ్మ తమ్ముడికీ నాన్న తమ్ముడికీ వాళ్లకు నాన్న అన్న మాటే. మేనమామ అని విడిగా లేదు, కాబట్టి మేనబావా లేడు. పిన్ని, అత్త ఇద్దరూ అమ్మ వరసే. కానీ తోబుట్టువుల దగ్గర మనకు లేని లెక్క ఒకటి పెట్టుకున్నారు. అక్కకు చెల్లెలూ, అన్నకు తమ్ముడూ ఒకే మాట, కైకైన. ఆడా ఆడా, మగా మగా అయితేనే పెద్దా చిన్నా చూస్తారు. ఆడవాళ్లకు అన్నయినా తమ్ముడైనా కైకునానె. చుట్టరికాల పట్టిక రాసుకుని వల్లెవేయడం కంటే మీ ఇంటి ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి చూడండి, నిలబడుతుంది.

దారి అడిగితే అక్కడ కుడి ఎడమ తక్కువ. మౌక అంటే కొండవైపు, మకై అంటే సముద్రంవైపు. దుకాణం మకై పక్కన ఉంది అంటారు. దీవి కాబట్టి ఎక్కడ నిలబడ్డా ఒకవైపు కొండ, ఒకవైపు నీళ్లు. కాలవ గట్ల మీద పెరిగిన మనవాళ్లు ఎగువ, దిగువ అన్నట్టే. కై అంటే ఉప్పునీళ్లు, వై అంటే మంచినీళ్లు, ఈ రెండూ ఎన్నడూ కలపకూడదు. వైకీకీ అనగానే అందరికీ సముద్రపు ఒడ్డు గుర్తొస్తుంది. కానీ ఆ పేరులో ఉన్నది వై, ఉబికే మంచినీళ్లు. అది ఒకప్పుడు ఊటలూ మడులూ ఉన్న చిత్తడి నేల. 1920లలో కాలవ తవ్వి నీళ్లు మళ్లించాక హోటళ్లు లేచాయి. పేరు మాత్రం పాత నీళ్లను మరిచిపోలేదు.

ఒక హెచ్చరిక. మౌన అంటే వాళ్లకు కొండ. మౌన కెయ అంటే తెల్లకొండ. విన్నప్పుడు మన మౌనం గుర్తొచ్చి ఒళ్లు పులకరిస్తుంది, నాకూ అలాగే అయింది. అంతమాత్రాన రెండు భాషలకూ చుట్టరికం కలపకండి. హవాయికి దగ్గర చుట్టాలు తాహితి, మావొరి, సమోవా భాషలు. దూరపు చుట్టాలు మలయ్‌లో, మడగాస్కర్‌లో ఉన్నారు. పోలిక గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, చరిత్ర రాయడానికి కాదు.

లికెలికె రాకుమారి అన్నాను కదా, ఆవిడ కూతురు కఇయులని. వైకీకీలో వాళ్ల తోటలో నెమళ్లుండేవి, మల్లెపొదలుండేవి. ఆ అమ్మాయికి రెండూ ప్రాణం. దాంతో జనం మల్లెపువ్వును నెమలి పేరుతోనే పిలిచారు. ఇంగ్లీషు పీకాక్ వాళ్ల నోట పీకకె అయింది. ఇవాళ్టికీ పీకకె అంటే నెమలీ, మల్లే. ఆ అమ్మాయి ఇరవై మూడేళ్లకే, 1899లో పోయింది. పేరు మాత్రం పువ్వుకు మిగిలింది.

తూతూ ఒక సాయంత్రం లానైలో కూర్చుని ఆ మొగ్గల్ని దండ చేస్తున్నారు. జానెడు పొడుగు సన్నటి సూది. మొగ్గ తొడిమలోంచి కొసదాకా నిలువునా గుచ్చి, ఒకదాని వెనక ఒకటి జరుపుతున్నారు. విచ్చని మొగ్గలు ముత్యాల్లా వరసకట్టాయి. ఆ పనికి మాట కుయి, అంటే గుచ్చడం. నేను ఒక దారప్పోగు తీసుకుని, రెండు వేళ్ల మధ్య నాలుగు మొగ్గలు పెట్టి మనలాగా ముడివేసి కట్టి చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ముడిని బొటనవేలితో తడిమి "హీపుఉ" అన్నారు. ముడి. ఆ రెండు మాటలూ నాకు ఏ పుస్తకంలోనూ కనబడక ముందే వేళ్లకు వచ్చాయి.

ఇదిగో, పొద్దున మా పెరట్లో తవ్వి తెచ్చిన చామదుంప. మట్టి కూడా దులపలేదు. వాళ్ల భాషలో దీని పేరు కలొ. మనం పక్కనున్న పిల్లదుంపల్ని ఉడికించి పులుసో వేపుడో చేసుకుంటాం. వాళ్లు తల్లిదుంపను ఉడికించి, రాతితో దంచి, నీళ్లు కలిపి పొయి అనే ముద్ద చేసుకుంటారు. వాళ్ల కథల్లో మొదట పుట్టి కన్నుమూసిన బిడ్డను పాతిపెట్టిన చోట కలొ మొలిచింది, రెండో బిడ్డ హాలొవ మనుషులకు మూలపురుషుడు. కాబట్టి ఈ దుంప వాళ్లకు అన్నయ్య. పక్కన పుట్టే పిలకను ఒహా అంటారు. దాన్నుంచే ఒహన అనే మాట వచ్చింది, అంటే కుటుంబం.

దీన్ని చేతులు మారుస్తూ అందరూ చూడండి. తల్లిదుంపను ఆనుకుని ఐదు ఒహాలున్నాయి, వేళ్లతో లెక్కపెట్టండి. బయట సంచిలో ఇంకా చాలా ఉన్నాయి. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లి, పెరట్లో నీళ్లు పారే చోట నాటుకోండి.