ఆకు రాల్చిన కాండాన్ని కోయకండి
(విశాఖలో మిద్దె తోటల పెంపకందారుల కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, అన్నలకు నమస్కారం. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసేలోపు ముగించమన్నారు. పులిహోర వాసన కూడా అదే మాట అంటోంది. అందుకని వేదిక మీదివాళ్ల బిరుదులు వదిలేస్తున్నాను, మన్నించాలి.

నాకిచ్చిన విషయం ఆర్కిడ్ల పెంపకం. వెలుగు, నీరు, ఉష్ణోగ్రత అని మూడు భాగాలు రాసుకొచ్చాను. ఇందాక లోపలికి వస్తూ బల్ల మీద పెట్టిన కుండీలు చూశాక ఆ కాగితం మడిచేశాను. అక్కడ రెండు కుండీల్లో డెండ్రోబియం అనే ఆర్కిడ్ కాండాల్ని కత్తెరతో మొదలంటా కోసేశారు. ఆకుల్లేవు, ఎండిపోయాయి అనుకున్నారు. అవి నోబైల్ రకం కాండాలు. మాఘ ఫాల్గుణాల్లో కణుపు కణుపుకీ పువ్వు విచ్చేది సరిగ్గా ఆ మోడుకాండాల మీదే! ఎవరివని అడగను. కానీ ఈ పూట మీరు ఇంకేం మరిచిపోయినా ఇదొక్కటీ గుర్తుంచుకోండి: ఆకు రాల్చిన కాండాన్ని కోయకండి. అది చావలేదు, నిద్రపోతోంది.

ముందు ఒక అపవాదు తుడిచేద్దాం. మన ఊళ్లలో చెట్టు మీద ఆర్కిడ్ కనిపిస్తే బదనిక అనేస్తారు. బదనిక చెట్టు రసం తాగుతుంది. డెండ్రోబియం చెట్టును పట్టుకుని నిలబడుతుంది, అంతే. 1799లో ఓలోఫ్ స్వార్ట్జ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టిన ఆ పేరుకి అర్థమే చెట్టు మీద బతికేదని. ఇదెందుకు చెబుతున్నానంటే, దాని వేరుకి మట్టి దుప్పటి లేదు. గాలి వేడెక్కితే వేరూ వేడెక్కుతుంది, గాలి చల్లబడితే వేరూ చల్లబడుతుంది. మన మందారానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఇప్పుడు అసలు గొడవ. అమ్మేచోట రెండు వేరు వేరు మొక్కల్ని "డెండ్రోబియం" అన్న ఒకే పేరుతో ఇస్తున్నారు. ఒకటి డెన్‌ఫాల్. ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీ పల్లపు ప్రాంతాల వేడి రకాల సంతానం. పెళ్లి మంటపాల్లో చూసే ఊదా తెలుపు సోనియా ఈ కోవదే. రెండోది నోబైల్, హిమాలయాల మొక్క, సిక్కిం రాష్ట్ర పుష్పం. మొదటిది మన కోస్తా మనిషి, రెండోది స్వెట్టరు వేసుకునే మనిషి. రెంటికీ ఒకే కుండీ, ఒకే ఎరువు, ఒకే నీరు ఇచ్చి ఒకటి పూసింది, ఒకటి పూయలేదు అంటే తప్పు మొక్కది కాదు. కొనేటప్పుడు అడగండి. చెప్పలేకపోతే మీరే చూడండి: డెన్‌ఫాల్‌కి ఆకులు దళసరిగా, కాండం పైభాగాన గుంపుగా ఉంటాయి, పూలకాడ కొసన పొడుగ్గా సాగుతుంది. నోబైల్‌కి ఆకులు కాండం పొడుగునా ఒకటి ఇటు, ఒకటి అటుగా మార్చి మార్చి ఉంటాయి, పూలు కణుపుల దగ్గరే రెండు మూడుగా వస్తాయి.

నోబైల్ మొగ్గ కట్టాలంటే రాత్రి 10 నుంచి 15 డిగ్రీల చలి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. పగలు ఎంత ఎండ ఉన్నా పరవాలేదు, రాత్రి ముఖ్యం. మన విశాఖలో, విజయవాడలో జనవరి రాత్రి మామూలుగా 18 దగ్గరే ఆగిపోతుంది. సరిపోదు. ఇక్కడ నోబైల్ కొనొద్దనే నా సలహా, నర్సరీవాళ్లు కోప్పడినా సరే. అరకులో, చింతపల్లిలో బంధువులుంటే డిసెంబరులో కుండీ అక్కడ పెట్టి, మొగ్గలు కనబడ్డాక తెచ్చుకోవచ్చు. హైదరాబాదు అంచు మీద ఉంది. 14, 15 అటూ ఇటూ. అక్కడివాళ్లకి ఒక చిట్కా: నిర్మలమైన రాత్రి ఆకాశం కింద ఉన్న కుండీ తన వేడిని పైకి పోగొట్టుకుని, కప్పు కింద ఉన్నదానికన్నా బాగా చల్లబడుతుంది. కాబట్టి డిసెంబరు, జనవరి రెండు నెలలూ షేడ్ నెట్ కిందినుంచి తీసి, పిట్టగోడకి దూరంగా, ఆరుబయట పెట్టండి. గోడ పగలు తాగిన ఎండని రాత్రంతా కక్కుతుంది.

చలి ఒక్కటే చాలదు. సెప్టెంబరు చివర నత్రజని ఎరువు ఆపాలి. ఇదిగో ఈ కార్తీకం నుంచి నీరు తగ్గించాలి. పది పదిహేను రోజులకి ఒకసారి వేరు తడిసేంత, అంతే. కాండం కాస్త ముడతలు పడితే భయపడకండి. జాలిపడి నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలుసా? కణుపు దగ్గర ఉబ్బిన మొన మొగ్గ కావడం మానేసి పిల్లమొక్క అయిపోతుంది. దాన్ని కీకీ అంటారు. కణుపు కణుపునా కీకీలు వచ్చాయంటే చలి చాలలేదనో, నీరూ నత్రజనీ ఎక్కువయ్యాయనో అర్థం. మొన గుండ్రంగా లావుగా ఉంటే మొగ్గ, సన్నగా పచ్చగా చీలుతుంటే కీకీ. ఆ గుండ్రదనం స్పష్టంగా కనిపించాకే నీళ్లు మెల్లగా పెంచండి.

ఇక్కడ పావురం ఆర్కిడ్ గురించి చెప్పకుండా ఉండలేను. డెండ్రోబియం క్రుమెనాటమ్. అండమాన్‌లోనూ, సింగపూర్ వీధిచెట్ల మీదా పెరుగుతుంది. దాని మొగ్గలు కొంత పెరిగి ఆగిపోతాయి, వారాల తరబడి అలాగే ఉంటాయి. ఒక రోజు ఉరుములతో వాన కురిసి, గాలి ఒక్కసారిగా 5 డిగ్రీలో ఇంకాస్తో చల్లబడితే మొగ్గలన్నీ మేలుకుంటాయి. తొమ్మిదో రోజున ఆ వాన పడినంత మేరా, ఏ చెట్టు మీద ఉన్నా సరే, అన్నీ ఒకేనాడు తెల్లగా పూసి ఘుమఘుమలాడి, వాడిపోతాయి. చిన్నమొక్క, క్యాలెండరు లేదు, గడియారం లేదు. దానికి తెలిసిందల్లా ఉష్ణోగ్రత పడిపోవడం. దీని ముందు పూల కోసం మనం కొనే టానిక్ సీసాలు ఏపాటివండీ? సరే, పులిహోర చల్లారిపోతోంది, వస్తున్నాను.

డెన్‌ఫాల్. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది ఇదే. పగలు 25 నుంచి 32, రాత్రి 20 పైన, ఇదీ దాని సుఖం. రాత్రి 15 లోపుకి పోతే ఆకులు పసుపెక్కి రాలతాయి. ఆదిలాబాద్ వైపువాళ్లు పుష్యమాసంలో లోపల పెట్టుకోవాలి. మన సమస్య దానికి తలకిందులు, మే నెల. 35 దాటి వడగాలి తగిలితే మొగ్గ పసుపు తిరిగి రాలిపోతుంది, విచ్చిన పువ్వు రంగు వెలవెలబోతుంది. పగటి వేడికన్నా రాత్రి వేడి ఇంకా చెడ్డది. ఈ మొక్క అనాసలాగా రాత్రిపూటే ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు పీలుస్తుంది. రాత్రి 28, 30 ఉంటే పీల్చేది తగ్గుతుంది, దాచుకున్నది ఖర్చవుతుంది. పువ్వుకి మిగలదు. అందుకే కుండీని శ్లాబు మీద ఆనించి పెట్టకండి. వేలాడదీయండి, లేదా ఇనుప స్టాండు మీద రెండడుగుల ఎత్తున పెట్టండి. పైన 50 శాతం షేడ్ నెట్ చాలు.

నీళ్లు చల్లితే చల్లబడుతుందా అని అడుగుతారు. తెలంగాణ పొడివేడిలో బాగా చల్లబడుతుంది. తడి గోనెసంచులు కట్టండి, కింద ఇసుక తడపండి. విశాఖలో గాలి నిండా తేమే, ఆవిరి అయ్యేందుకు చోటు లేదు. ఇక్కడ కావాల్సింది చిన్న ఫ్యాను. గాలి ఆడకుండా నీళ్లే చల్లితే చిగురు కుళ్లుతుంది. ఇంకోటి, దయచేసి వినండి: మే మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు చేత్తో పట్టుకోలేం. ఆ నీళ్లే వేరు మీద పోస్తాం! ఉదయం ఏడు లోపు పట్టండి, పైపులో నిలిచిన మొదటి నీళ్లు పక్కకి వదిలేయండి.

ఎరువు సంగతి రెండు ముక్కల్లో. పెరిగే కాలంలో నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకి ఒక గ్రాము, వారానికోసారి, ముందు మామూలు నీళ్లతో వేరు తడిపి. నెలకోసారి వట్టి నీళ్లతో, కుండీలో పేరుకున్న ఎరువు ఉప్పు కడిగేయండి. కుండీలో బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్పల ముక్కలు. మట్టి వద్దు.

అన్నీ సరిగా ఉన్నా మొగ్గలు రాలితే ఇంట్లో చూడండి. అదే గదిలో మామిడిపళ్లు మాగపెట్టారా? పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గకి విషం. అరటిగెల ఉన్నా అంతే. మొగ్గల మీదున్న కుండీని మాటిమాటికీ చోటు మార్చినా రాలుస్తుంది.

చివరగా ఒక కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరు కొనండి. మొక్క ఎత్తున, నీడలో కట్టి, పొద్దున్నే కనిష్ఠం రాసుకోండి. టీవీలో చెప్పే అంకె వాతావరణ కేంద్రానిది, మీ మిద్దెది కాదు. ఒక్క చలికాలం రాస్తే మీ మిద్దె మీద ఏ డెండ్రోబియం పూస్తుందో మీకే తెలుస్తుంది.

డెన్‌ఫాల్ పాత కాండాలు కూడా మళ్లీ పూస్తాయి, వాటినీ కోయకండి. మెత్తబడి గోధుమరంగుకి తిరిగి, నొక్కితే లోపల బోలుగా ఉంటేనే తీసేయండి. బల్ల మీద కోసి పడేసిన ఆ కాండాల్ని ఎవరూ చెత్తలో వేయకండి. నాలుగు కణుపుల ముక్కలుగా చేసి, కోసినచోట పసుపు అద్ది, తడి కొబ్బరిపీచు మీద పడుకోబెట్టి నీడలో ఉంచుదాం. భోజనాలయ్యాక అక్కడికి రండి, చేసి చూపిస్తాను.