కౌన్సెలర్ దాచుకునే మాట: క్లినికల్ సూపర్విజన్ గురించి

వేదికపై ఉన్న పెద్దలకు, జూనియర్ కళాశాలల్లో, కుటుంబ సలహా కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో, హెల్ప్‌లైన్లలో పనిచేస్తున్న తోటి కౌన్సెలర్లకు నమస్కారం.

క్లినికల్ సూపర్విజన్ అంటే కౌన్సెలర్ తన కేసులను అనుభవజ్ఞులైన మరొకరి ముందు, అంటే సూపర్వైజర్ ముందు, క్రమం తప్పకుండా పెట్టి చర్చించడం. దాని నిర్వచనాలు, నమూనాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి కాబట్టి వాటిని ఇక్కడ వరుసగా అప్పజెప్పను. ఈ పూట నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. క్లయింట్‌తో గదిలో జరిగినదాంట్లో కౌన్సెలర్ తన సూపర్వైజర్‌కు ఏది చెప్పరు, ఎందుకు చెప్పరు? సూపర్విజన్ వల్ల క్లయింట్‌కు మేలు జరుగుతుందా, లేక అది నెలవారీ తంతుగా మిగులుతుందా అన్నది దీనికి దొరికే జవాబును బట్టే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కేసూ కాదు. ఈ వృత్తిలో తరచూ ఎదురయ్యే సంగతులను కలిపి అల్లినది. రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని కౌన్సెలర్ దగ్గరికి వచ్చాడు. ఆమె నోట్స్‌లో "చదువు ఒత్తిడి, నిద్రలేమి. ధైర్యం చెప్పి, టైమ్‌టేబుల్ వేసి పంపాను" అని ఉంది. అది చదివితే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. అబ్బాయి, అతని తల్లిదండ్రుల అనుమతితో చేసిన రికార్డింగ్‌ను అదే రోజు సాయంత్రం సూపర్వైజర్‌తో కలిసి విన్నప్పుడు మాత్రం, మధ్యలో ఒకచోట అతను గొంతు తగ్గించి, "నేను లేకపోతే నాన్నకి ఈ ఫీజుల అప్పైనా తప్పేది మేడమ్" అనడం వినిపించింది. ఆ మాట ముగిసీ ముగియకముందే కౌన్సెలర్ "అలా అనకూడదు నాన్నా, నువ్వు బాగా చదివితే అప్పు అదే తీరుతుంది" అని అందుకున్నారు. ఆ తరువాత అతను ఇక నిద్ర గురించే మాట్లాడాడు.

సూపర్వైజర్ అక్కడ ఆపి, ఆ ముక్కను మళ్లీ వినిపించి, "ఆత్మహత్య గురించి ఎందుకు అడగలేదు?" అని నిలదీయకుండా, "ఆ మాట చెవిన పడగానే మీకేమైంది?" అని అడిగారు. చాలాసేపటికి ఆమె భయం వేసిందని చెప్పారు. చనిపోవాలని ఉందా అని అడిగితే ఆ ఆలోచనను తానే అతని తలలోకి ఎక్కించినట్టవుతుందేమోనని ఒక భయం. అతను అవునంటే ప్రిన్సిపాల్‌కు ఏమని చెప్పాలి, ఇంటికి ఎవరు ఫోన్ చేయాలి అన్నది అంతకంటే పెద్ద భయం. నేరుగా అడిగినంత మాత్రాన ఆత్మహత్య ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు, తరగతిలో నేర్చుకున్నదే. తెలిసిన విషయం అవసరమైన క్షణంలో నోటికి రాకపోవడమే ఆమె ఇబ్బంది. మరో శిక్షణ తరగతి పెట్టినా ఆ ఇబ్బంది తీరదు. ఇద్దరూ కూర్చుని "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అన్న ప్రశ్నను తడబాటు పోయేదాకా పైకి పలికి చూశారు. సాయంత్రం స్టడీ అవర్ మొదలుకాకముందే అబ్బాయిని మళ్లీ పిలవడం, అతన్ని ఒంటరిగా వదలకుండా చూడడం, తండ్రితో మాట్లాడే తీరు, సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వడం, అన్నీ అప్పటికప్పుడే అనుకున్నారు.

రికార్డింగ్ లేకపోతే ఈ సంభాషణ జరిగేది కాదు. ఆమె అబద్ధం రాయలేదు. తన భయాన్ని తానే గుర్తించకుండా దాటేశారు కాబట్టి నోట్స్ కూడా దాన్ని దాటేశాయి. అమెరికాలో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల తొలినాళ్లలోనే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో సెషన్లను గ్రామఫోన్ డిస్కులపైకి ఎక్కించి శిక్షణకు వాడారు. తాము వింటున్నామనుకున్న చోట నిజానికి సలహా ఇస్తున్నామని శిక్షణార్థులకు ఆ డిస్కులే చూపించాయి. నేడు జేబులో ఫోనున్న మనం, క్లయింట్ సమ్మతి, ఫైలు భద్రత, విన్న తరువాత చెరిపివేయడం వంటి జాగ్రత్తలు తీసుకుని కూడా ఆ పనికి వెనకాడుతున్నామంటే అది పరికరాల కొరత కాదు, సిగ్గు.

ఆ సిగ్గు ఎంత విస్తారమైనదో 1996లో నికొలస్ లడానీ, ఆయన సహపరిశోధకులు అమెరికాలో శిక్షణలో ఉన్న థెరపిస్టులను అడిగి చూశారు. సూపర్వైజర్‌కు ఏదో ఒకటి చెప్పకుండా ఉంచామని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. సూపర్వైజర్ మీద అయిష్టం, సొంత జీవితంలోని ఇబ్బందులు, సెషన్‌లో చేసిన పొరపాట్లు, తమను ఎలా అంచనా వేస్తారోనన్న ఆందోళన వారు దాచినవాటిలో ముందు వరుసలో ఉన్నాయి. పేరు పెట్టి పిలవడం మామూలైన సమాజంలోనే పరిస్థితి ఇలా ఉంటే, సార్ లేచేదాకా లేవకూడదు, మేడమ్ చెప్పాక ఎదురాడకూడదు అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మన సూపర్విజన్ గదుల్లో వినయం పుష్కలంగా ఉంటుంది. దాపరికం ఆ వినయం మాటునే నిశ్చింతగా కూర్చుంటుంది.

అందుకే సూపర్వైజర్ ఎవరై ఉండాలన్నది చిల్లర విషయం కాదు. ఈ ప్రశ్న సూపర్విజన్‌తో పాటే పుట్టింది. 1920లో బెర్లిన్‌లో సైకోఅనాలిసిస్ (మనోవిశ్లేషణ) పాలీక్లినిక్ తెరిచిన మాక్స్ ఐటింగాన్, ఆయన సహచరులు అభ్యర్థి తానే ఒక విశ్లేషకుడి దగ్గర విశ్లేషణ చేయించుకోవడం, సిద్ధాంత పాఠాలు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చూడడం అన్న మూడంచెల శిక్షణను స్థిరపరిచారు. అభ్యర్థిని విశ్లేషించినవారే అతని కేసులను కూడా చూడకూడదు, ఆ రెండు పనులూ వేరువేరు మనుషులు చేయాలని బెర్లిన్ పద్ధతి. బుడాపెస్ట్‌లోని విల్మా కొవాచ్ వంటివారు దీన్ని ఒప్పుకోలేదు. క్లయింట్ వల్ల అభ్యర్థిలో లేచే భావాల మూలాలు తెలిసినది అతని సొంత విశ్లేషకుడికే కాబట్టి, తొలి కేసును ఆయనే వినాలని వాదించారు. ఎవరిది సరి అన్నది అటుంచితే, కౌన్సెలర్ ఎవరి ముందు ఏది చెప్పగలడన్నదే వాళ్లిద్దరి పట్టింపూ. మన సంస్థల్లో మాత్రం హాజరు చూసేదీ, కాంట్రాక్టు పొడిగించమని సంతకం పెట్టేదీ, కేసులు వినేదీ ఒకే అధికారి అవుతున్నారు. ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో వారి ముందు "ఆ అబ్బాయి మాటకు నేను భయపడ్డాను" అని చెప్పమనడం న్యాయం కాదు.

చెప్పనివన్నీ తెలిసి దాచినవి కావు. కుటుంబ సలహా కేంద్రానికి వచ్చే ఒక ఇల్లాలు ప్రతి సెషన్‌లోనూ "ఉండమంటారా, వెళ్లిపోమంటారా, మీరే చెప్పండి" అని అడుగుతుంటుంది. ఆ కేసు తెచ్చిన కౌన్సెలర్ అదే గొంతుతో, అదే నిస్సహాయతతో "ఏం చేయమంటారు సార్, మీరే చెప్పండి" అని సూపర్వైజర్‌ను అడుగుతారు. సూపర్వైజర్‌కూ చటుక్కున తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. క్లయింట్‌కూ కౌన్సెలర్‌కూ మధ్య నడిచేది సూపర్విజన్ గదిలో మళ్లీ నడవడాన్ని 1955లో అమెరికా మనోవిశ్లేషకుడు హెరాల్డ్ సెర్ల్స్ గుర్తించి రాశారు. 1958లో ఎక్‌స్టైన్, వాలర్‌స్టైన్ దాన్ని విస్తరించారు. పారలల్ ప్రాసెస్ అన్న పేరుతో మీకది పరిచితమే. ఆ క్షణంలో సూపర్వైజర్ తీర్పు చెప్పకుండా ఆగి, "ఇప్పుడు మనిద్దరి మధ్య జరుగుతున్నది మీకు ఎక్కడైనా చూసినట్టుందా?" అని అడగగలిగితే, ఏ వివరణా తెలపలేనిది కౌన్సెలర్‌కు అనుభవంలోకి వస్తుంది.

మన దగ్గర ప్రత్యేకంగా దాగేది మరొకటి ఉంది. "మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి?" అన్న ప్రశ్నలతో క్లయింట్ మొదటి సెషన్‌లోనే కౌన్సెలర్ కులాన్ని ఆరా తీస్తాడు, కౌన్సెలర్ కూడా కేసు షీటు చూసి తనకు తెలియకుండానే అదే పని చేస్తారు. కులాంతర ప్రేమ గురించి ఒక అమ్మాయి చెబుతున్నప్పుడు కౌన్సెలర్ "అమ్మానాన్నల గురించి కూడా ఆలోచించావా?" అని ఎన్నిసార్లు అడిగారో, అదే కులమైతే అన్నిసార్లు అడిగేవారా అన్నది తేల్చగల చోటు సూపర్విజన్ ఒక్కటే. దీన్ని కౌన్సెలర్ తనంతట తాను ఎత్తరు. సూపర్వైజరే ముందు ఎత్తాలి, తన కులం గురించి, తన మొగ్గుల గురించి మాట్లాడేందుకు తానూ సిద్ధపడి ఎత్తాలి. మన శిక్షణ పాఠాల్లో దీని ఊసు ఇంత తక్కువగా ఉండడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

బ్రిటన్‌లో కౌన్సెలర్లకు శిక్షణనిచ్చిన బ్రిజిడ్ ప్రాక్టర్ సూపర్విజన్‌కు మూడు పనులు చెప్పారు: నైపుణ్యం పెంచడం, ప్రమాణాలు నిలపడం, కౌన్సెలర్‌కు తిరిగి శక్తినివ్వడం. మూడోదాన్ని మనం విలాసంగా భావిస్తాం. రాత్రి షిఫ్టులో హెల్ప్‌లైన్ ఎత్తిన కౌన్సెలర్‌తో అరగంట మాట్లాడిన మనిషి హఠాత్తుగా ఫోన్ పెట్టేస్తే, ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకునే దారే లేకపోవచ్చు. ఐదు నిమిషాల్లో మరో కాల్ వస్తుంది. ఆ బరువును దించుకునే చోటు లేకపోతే రెండో కాల్‌లోని మనిషికి సగం చెవే దక్కుతుంది. రెండో పని విషయానికొస్తే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడం శిక్షార్హం. ఆ మాట బిడ్డకు ఎలా చెప్పాలో, గోప్యత హామీకి మొదటి రోజే ఏ హద్దు గీయాలో కౌన్సెలర్ ఒంటరిగా తేల్చుకోవలసిన విషయాలు కావు.

బ్రిటన్‌లో కౌన్సెలర్ల సంఘమైన బీఏసీపీ తన అక్రెడిటెడ్ (అర్హత పరిశీలించి గుర్తింపు ఇచ్చిన) సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్విజన్ నియమం పెట్టింది. అనుభవం ఎంత పెరిగినా అది తప్పదు. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని కింద రూపుదిద్దుకునే నియమాల్లో వృత్తి జీవితం పొడవునా సూపర్విజన్‌కు చోటు ఉండాలని మన సంఘాలు ఇప్పుడే అడగాలి.

అంతదాకా ఆగనక్కరలేదు. కళాశాలల, ఆసుపత్రుల యాజమాన్యాలను నేను కోరేది కొంచెమే: మీ కౌన్సెలర్‌కు నెలకు గంటన్నర పనివేళల్లోనే ఇవ్వండి, మీ సంస్థలో ఏ అధికారమూ లేని బయటి సూపర్వైజర్‌ను పెట్టి ఆ రుసుము మీరే భరించండి. మంచిర్యాలలోనో పార్వతీపురంలోనో అలాంటివారు దొరకకపోతే వీడియో కాల్ ఉంది. అదీ కుదరకపోతే నలుగురైదుగురు కౌన్సెలర్లు కలిసి వంతులవారీగా కేసులు తెచ్చుకుని వినే బృందం పెట్టుకోవచ్చు, చిన్న ఊళ్లలో క్లయింట్ అందరికీ తెలిసినవాడై ఉండే ప్రమాదం ఉంది కాబట్టి వేరువేరు జిల్లాల వారైతే మంచిది. సూపర్విజన్ మొదలుపెట్టే రోజునే ఒక కాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. ఇక్కడ మాట్లాడినదాంట్లో ఏది సంస్థకు చేరుతుంది, ఏది చేరదు, ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు, సూపర్వైజర్ తీరు నచ్చకపోతే కౌన్సెలర్ ఎవరికి చెప్పుకోవచ్చు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఆ కాగితం మీద కౌన్సెలర్, సూపర్వైజర్‌తో పాటు యాజమాన్యం కూడా సంతకం చేయాలి.