తూకం చీటీకి పేటెంటా?

దృశ్యం: దామలచెరువు మామిడి మండీ. తోతాపురి కాయల ట్రాక్టరు కాటా మీదికి ఎక్కుతోంది.

వ్యాఖ్యాత: నమస్కారం. కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంట్, అంటే అనుమతి లేకుండా ఇతరులెవరూ వాడకుండా ఆపే హక్కు, ఇవ్వాలా అన్నది ఇవాళ్టి ప్రశ్న. 1996లో వచ్చిన ఇండిపెండెన్స్ డే అనే హాలీవుడ్ చిత్రంలో ఒక ఇంజనీరు తన ల్యాప్‌టాప్ నుంచి గ్రహాంతరవాసుల మాతృనౌకలోకి వైరస్ ఎక్కించి, వాళ్ల రక్షణ కవచాన్ని పడగొడతాడు. ఆ యంత్రం ఏ లోకానిదో, దానిలో ఏ భాష నడుస్తుందో గాని, మన ల్యాప్‌టాప్ మాటను ఇట్టే వింటుంది. తిరుపతిలో మా ఇంటి పాత కంప్యూటరుకు కొత్త ప్రింటరు మాట వినిపించడానికే ఒక పూట పట్టింది కాబట్టి, ఆ సన్నివేశాన్ని నేను నవ్వకుండా చూడలేను.

నిజానికి రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవాలంటే రెండింటికీ తెలిసిన పద్ధతి ఒకటి ఉండాలి. ఆ పద్ధతిలో ఒక్క మెట్టుకు పేటెంట్ ఉన్నా, అది తీరే 20 ఏళ్ల దాకా అందరూ దాని యజమాని దయ మీద నడవాలి. కంప్యూసర్వ్ సంస్థ 1987లో రూపొందించిన జిఫ్ (GIF) అనే బొమ్మల ఫైళ్ల విషయంలో జరిగింది ఇదే. అందులో ఫైలు సైజు తగ్గించే కుదింపు పద్ధతిపై యూనిసిస్ అనే కంప్యూటర్ కంపెనీకి పేటెంట్ ఉందన్న సంగతి, ఆ బొమ్మలు లోకమంతా పాకిన తరువాత, 1994 చివర్లో రుసుము మాట వచ్చినప్పుడు గాని చాలామందికి తెలియలేదు. విసిగిన ప్రోగ్రామర్లు ఆ బెడద లేని పీఎన్‌జీ (PNG) అనే మరో బొమ్మల ఫైలు పద్ధతిని తయారు చేసుకున్నారు.

దృశ్యం: ప్రింటరులోంచి తూకం చీటీ వస్తోంది.

వ్యాఖ్యాత: నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసివేసి కంప్యూటరు ఇస్తున్న ఈ చీటీని, వెనకటి గుమాస్తా చేత్తో రాసేవాడు. రైతుకూ కొనేవాడికీ నడుమ మండీ యజమాని నిలబడి డబ్బుకు పూచీ పడడమూ పాత అలవాటే. అమెరికాలో ఆలిస్ అనే సంస్థ ఇటువంటి నడిమి పూచీనే, ఆర్థిక లావాదేవీలలో కంప్యూటరు చేత చేయించే పద్ధతి అంటూ, పేటెంట్లు పొందింది. అమూర్తమైన ఆలోచనను మామూలు కంప్యూటరుకు అప్పగించినంత మాత్రాన అది పేటెంటుకు తగదని 2014 జూన్ 19న అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

కొత్త మందుకు ఏళ్ల తరబడి పరీక్షలు, అపారమైన ఖర్చు ఉంటాయి గనుక పేటెంట్ కావాలన్న వాదనలో బలం ఉంది. ప్రోగ్రాముకు మాత్రం కాపీరైట్ ఉండనే ఉంది. అది నకలు కొట్టినవాడినే పట్టుకుంటుంది. పేటెంట్ అయితే సొంతంగా ఆలోచించి రాసుకున్నవాడినీ వదలదు.

మన 1970 పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత, వ్యాపార పద్ధతులు, అల్గారిథంలు, ‘కేవలం’ కంప్యూటర్ ప్రోగ్రాములు ఆవిష్కరణలు కావు, అంటే వాటికి పేటెంట్ రాదు. ఈ కంచెను సడలిస్తూ 2004 డిసెంబరులో ఆర్డినెన్సు వచ్చినా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును నిలబెట్టలేదు. ఇక మిగిలిన పేచీ అంతా ‘కేవలం’ అనే ఆ ఒక్క మాట దగ్గరే: ప్రోగ్రాముకు ఒక యంత్రాన్ని జతచేసి, ఇది కేవలం ప్రోగ్రాము కాదు, కాటా కూడా ఉంది చూడండి అని వాదించవచ్చు.