చలికాలమంతా బండికి తగిలించి ఉంచే చార్జర్: కరెంటు పోయి వస్తే ఏం చేస్తుందో చూడండి

నమస్కారం. మీరు తెర మీద చూస్తున్న ఈ బ్యాటరీ చార్జర్‌ను, దానితో పాటు పెట్రోలులో కలిపే స్టెబిలైజర్ సీసాను, బండికి కప్పే కవరును తయారీదారులు నాకు ఉచితంగా పంపించారు. డబ్బు ఏమీ ఇవ్వలేదు. వీడియోను ముందుగా చూపించమని కూడా అడగలేదు. ఆంపియర్లు, వారంటీ, కొలతలు వంటివి మీలో చాలామంది ఈపాటికే చదివి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. చలికాలంలో మూడు నెలల పాటు బండిని కదపకుండా పక్కన పెట్టేవారికి ఇది పనికివస్తుందా లేదా అన్నదే నేను చూశాను.

ముందుగా సీసా, కవరు సంగతి ముగిస్తాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలవ ఉన్నకొద్దీ పాడై కార్బ్యురేటర్‌లోని సన్నని రంధ్రాలకు జిగురు పట్టిస్తుంది. అందువల్ల స్టెబిలైజర్ పోసి, ట్యాంకు నిండా పెట్రోలు పట్టించి, ఆ పెట్రోలు ఇంజిన్ దాకా చేరేలా పది నిమిషాలు నడిపి ఆపాను. ఈ సీసాతో నాకు ఏ ఇబ్బందీ లేదు. అదే రోజు పాత ఇంజిన్ ఆయిల్ మార్చాను, ఎందుకంటే వాడిన ఆయిల్‌లో చేరిన తేమ, ఆమ్లాలు నెలల తరబడి లోపలి భాగాలను అంటుకుని ఉండడం మంచిది కాదు. కవరు మాత్రం పనికిరాదు. గాలి ఆడని పలుచటి ప్లాస్టిక్కుతో చేశారు. వారం తిరిగేసరికి లోపలివైపు నీటి బిందువులు పట్టాయి. తుప్పు పట్టకుండా కాపాడవలసిన వస్తువే తుప్పుకు తేమ అందిస్తోంది కనుక దాన్ని తీసి మడిచి పెట్టేశాను.

ఇక చార్జర్. తాళంచెవి తీసిన తర్వాత కూడా బండిలోని గడియారం, అలారం, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు వాడుతూనే ఉంటాయి. నా బండిలో బ్యాటరీ మైనస్ వైరు విప్పి మధ్యలో మల్టీమీటర్ పెడితే 5 మిల్లీఆంపియర్లు చూపించింది. ఇంతేనా అనిపిస్తుంది గాని, రోజుకు 24 గంటల చొప్పున 90 రోజులకు లెక్క కడితే అది 10.8 ఆంపియర్-అవర్లు అవుతుంది. నా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 10. అలా పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, గట్టిపడిన భాగం మళ్లీ చార్జ్ తీసుకోదు. నిండుగా ఉన్న బ్యాటరీలోని యాసిడ్ మామూలు చలికాలపు చలికి గడ్డకట్టదు. దిగిపోయిన బ్యాటరీలో అది చాలావరకు నీరే కనుక సున్నాకు కొన్ని డిగ్రీలు దిగువనే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు.

వారానికొకసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు. స్టార్టర్ ఒక్కసారి తిరగడానికి తీసుకున్న కరెంటును ఐడిల్‌లో తిరిగే ఇంజిన్ అంత తక్కువ సేపట్లో పూర్తిగా తిరిగి ఇవ్వలేదు, పైగా సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ ఏర్పడిన నీరు ఆవిరి కావడానికి చాలినంత వేడి పుట్టదు.

ఈ చార్జర్‌లో నాకు మొదట నచ్చింది వైరు. బ్యాటరీకి బిగించే వైరుకు ఫ్యూజు ఉంది, చివర గట్టి రబ్బరు మూత ఉంది. ఒకసారి బిగించి సీటు కింది నుంచి బయటికి తీస్తే, ఆ తర్వాత సీటు విప్పే పనే లేదు. చార్జింగ్ కూడా శ్రద్ధగానే చేస్తుంది. బ్యాటరీ నిండిన తర్వాత నేను కొలిచిన ప్రతిసారీ 13.6 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది. అది చూసి, వీడియో మెచ్చుకోలుతోనే ముగుస్తుందనుకున్నాను.

మూడు వారాల తర్వాత గ్యారేజీలోకి వెళ్లాను. చార్జర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. వైరు తీసి, కాసేపు ఆగి కొలిస్తే నిండా ఉన్నప్పుడు 12.8 వోల్టులు చూపించే బ్యాటరీ 12.5 చూపించింది. బ్యాటరీ పాతబడిందేమోనని మొదట దాన్నే అనుమానించాను. తర్వాత లెక్క వేసుకున్నాను: రోజుకు 24 గంటలు, 21 రోజులు, 5 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర ఆంపియర్-అవర్లు. బ్యాటరీలో పావు వంతు. అంటే ఈ చార్జర్ ఇంచుమించు మొదటి రోజు నుంచే ఏ పనీ చేయలేదు.

కారణం ఇప్పుడు మీ ముందే చూపిస్తున్నాను. కరెంటు పోయి వచ్చినట్టే ప్లగ్ తీసి, రెండు సెకన్లు ఆగి, మళ్లీ పెడుతున్నాను. చూశారా, స్టాండ్‌బైలోకి వెళ్లింది. మామూలు బ్యాటరీయా, ఏజీఎమ్మా (యాసిడ్‌ను గాజు పీచులో పీల్చి ఉంచే లెడ్ యాసిడ్ రకం), లిథియమా అని మనం మళ్లీ బటన్ నొక్కి చెప్పే వరకు అది అలాగే కూర్చుంటుంది. పదిసార్లు ప్రయత్నించాను, పదిసార్లూ ఇంతే. ఇంతకంటే కోపం తెప్పించే విషయమేమిటంటే, కరెంటు అందుతోందని చెప్పే దీపమూ ఆకుపచ్చే, బ్యాటరీ నిండిందని చెప్పే దీపమూ ఆకుపచ్చే, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మూడు నెలలు మనిషి ముట్టుకోడని తెలిసి తయారు చేసిన వస్తువు, కరెంటు రెప్పపాటు పోయి వస్తే మనిషి వేలి కోసం ఎదురుచూస్తోంది. టైమర్ పెట్టి రోజుకు గంట మాత్రమే చార్జ్ చేద్దామనుకునేవారికి కూడా ఇది అందుకే పనికిరాదు.

తయారీదారులకు రాశాను. కరెంటు లేని సమయంలో ఎవరైనా వేరే రకం బ్యాటరీ తగిలించవచ్చు కనుక భద్రత కోసమే అలా చేశామని సమాధానం వచ్చింది. లిథియం బ్యాటరీకి లెడ్ యాసిడ్ మోడ్ తగిలితే ప్రమాదమన్నది నిజమే, కాదనను. అయితే పని ఆగిపోయిందని చెప్పడానికి ఒక ఎర్ర దీపం పెట్టకూడదని ఏ భద్రత చెబుతుంది?

నా మొట్టమొదటి చార్జర్‌కు ఆగడమే తెలియదు. నెల రోజులు తగిలించి ఉంచితే బ్యాటరీలోని నీరంతా ఆవిరై ప్లేట్లు బయటపడ్డాయి. దాని తర్వాత కొన్న చార్జర్ తొమ్మిది చలికాలాలుగా నా దగ్గర ఉంది. దానికి బటన్ లేదు, లిథియం మోడ్ లేదు, ఉన్నది ఒకే దీపం. కరెంటు వచ్చిన వెంటనే బ్యాటరీని తానే పరీక్షించుకుని పని మొదలుపెడుతుంది. కొత్తదానిలో గట్టిపడిన సల్ఫేట్‌ను కరిగించే మోడ్ కూడా ఉంది. 9 వోల్టులకు పడిపోయిన ఒక పాత బ్యాటరీ మీద ప్రయోగిస్తే 12.4 దాకా లేచింది గాని, స్టార్టర్ నొక్కగానే కూలిపోయింది. ఆ మోడ్ కోసం ఎవరూ దీన్ని కొనకండి, లిథియం బ్యాటరీ మీద దాన్ని అసలు వాడకండి.

రాత్రి పెట్టి ఉదయం తీసేవారికి ఇది మంచి చార్జర్. చలికాలమంతా వదిలేసేవారికి దీన్ని కొనమని చెప్పలేను. నా బండికి పాతదే మళ్లీ తగిలించాను. ఇప్పటికే దీన్ని కొన్నవారు బ్యాటరీ మైనస్ వైరు ముందుగా, ప్లస్ తర్వాత విప్పి, బ్యాటరీని బయటికి తీసి చలి తక్కువగా ఉన్న పొడి చోట పెట్టుకుని, నెలకొక రాత్రి దగ్గరుండి చార్జ్ చేయండి. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.