గడ్డకట్టిన సరస్సు మీద మంచు గోపురం: ఈ పోలరైజర్ ఫిల్టర్ నిజంగా పనికొస్తుందా?

ప్రేక్షకులందరికీ నమస్కారం. లెన్స్ ముందు బిగించి తిప్పే ఈ సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్‌ను (ఒక దిశలో కంపించే కాంతినే లోపలికి వదిలే గాజు) తయారీ సంస్థవారు నాకు ఉచితంగా పంపారు. వారి నుంచి డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను వారికి ముందుగా చూపించలేదు. గాజు నాణ్యత, పూతలు, సైజుల వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక, గడ్డకట్టిన సరస్సు మీద చేత్తో కట్టిన ఒక మంచు గోపురాన్ని దీనితో ఫోటోలు తీసినప్పుడు నాకు ఏం కనిపించిందో చెబుతాను.

ఆ గోపురం గోడలకు సరస్సు మంచునే రంపంతో ఇటుకలుగా కోసి, అతుకుల్లో నీళ్లు కలిపిన మంచుపొడి మెత్తారు. కిటికీలకు మాత్రం తొట్టెల్లో పలుచగా పేరుకున్న మంచు పలకలను ఊడదీసి బిగించారు. నా దృష్టంతా ఆ కిటికీల మీదే నిలిచింది.

పోలరైజర్‌ను చాలామంది మెరుపు తగ్గించడానికి కొంటారు, ఆ పని ఇది చక్కగా చేస్తుంది. మంచు వక్రీభవన గుణకం (కాంతి అందులోకి వెళ్లేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.31 కాబట్టి, ఉపరితలానికి దాదాపు 37 డిగ్రీల వాలులో చూస్తే ప్రతిఫలించే కాంతి పూర్తిగా ధ్రువణం చెంది, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. ఆ కోణంలో ఫిల్టర్ తిప్పగానే గోపురం ముందున్న తెల్లటి మెరుపు తొలగి, అడుగున చిక్కుకున్న గాలిబుడగలూ పగుళ్లూ బయటపడ్డాయి.

అయితే నన్ను కట్టిపడేసింది ఇది కాదు. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉండే నీలాకాశపు కాంతి సహజంగానే చాలావరకు ధ్రువణం చెంది ఉంటుంది. మంచు స్ఫటికం ఆ కాంతిని రెండుగా చీల్చి, ఒకదానికన్నా మరొకదాన్ని కొద్దిగా ఆలస్యంగా పంపుతుంది. లెన్స్ ముందున్న పోలరైజర్ ఆ రెండింటినీ మళ్లీ కలిపినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. సూర్యుడిని భుజం పక్కన ఉంచుకుని, కెమెరాను నేలకు దగ్గరగా దించి, కిటికీ పలక గుండా ఆకాశాన్ని చూస్తూ ఫిల్టర్ రింగును మెల్లగా తిప్పాను. కంటికి వట్టి గాజులా కనిపించిన పలకలో ఒక స్ఫటికం ఊదాగానూ, దాన్ని ఆనుకున్నది పసుపుపచ్చగానూ, పక్కది ఆకుపచ్చగానూ విడివిడిగా తేలాయి. రింగు ఇంకాస్త తిప్పితే అవే రంగులు ఒకదాని స్థానంలోకి మరొకటి మారాయి. పలక మందం పెరిగినకొద్దీ ఈ రంగులు పాలిపోతాయి కనుక గోడ ఇటుకల్లో దాదాపు ఏమీ కనిపించలేదు, పలుచని అంచుల్లోనే అవి గాఢంగా వచ్చాయి. నేను ఇంతకుముందు వాడిన ఫిల్టర్ ప్రతి ఫోటోకూ కాస్త పసుపు చాయ అద్దేది. ఇందులో ఆ దోషం లేకపోవడం వల్లే ఈ సున్నితమైన రంగులు చెడిపోకుండా దక్కాయి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం రింగు. దాన్ని ఎంత సన్నగా, ఎంత నున్నగా చేశారంటే, మందపాటి చేతి తొడుగులతో పట్టు దొరకనే దొరకదు. తొడుగు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి, తీయకపోతే ఫిల్టర్ తిరగదు. ఈ ఫిల్టర్‌తో చేసే పని మొత్తం తిప్పడమే అయినప్పుడు, తిప్పే చోటే పట్టు లేకుండా చేయడం క్షమించదగిన పొరపాటు కాదు. నా పాత ఫిల్టర్ రంగు విషయంలో నాసిరకమే అయినా, దాని రింగు చుట్టూ లోతైన గాట్లు ఉండేవి, ఎంత చలిలోనైనా అది మాట వినేది. చివరికి ఈ రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు పట్టీ బిగించాకే పని సాగింది.

ఇది కొనేవారు కొన్ని సంగతులు గమనించండి. ఫిల్టర్ దాదాపు ఒకటిన్నర స్టాపుల వెలుతురును మింగుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). తెల్లటి పరిసరాలను కెమెరా బూడిదరంగుగా లెక్కగడుతుంది కనుక ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచండి. బాగా వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్స్‌తో ఆకాశంలో ఒక పక్కన ముదురు పట్టీ పడుతుంది. వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాను గాలి చొరని సంచిలో మూసేస్తే లెన్స్ మీద తేమ పేరుకోదు. స్వచ్ఛమైన మంచైనా 10 సెంటీమీటర్ల మందం లేనిచోట ఫోటో కోసం అడుగుపెట్టకండి.

రింగు మీద నాకున్న కోపం తగ్గలేదు, అయినా ఈ ఫిల్టర్‌ను కొనమనే చెబుతాను, ఎందుకంటే ఆ కిటికీ రంగులను ఇంత శుభ్రంగా పట్టిన ఫిల్టర్ నా చేతికి ఇంతవరకు రాలేదు. మెరుపు తగ్గించడం ఒక్కటే మీ అవసరమైతే మాత్రం, గాట్లున్న రింగుతో వచ్చే మరో ఫిల్టర్ తీసుకోండి.