ముందు గొంతు, తర్వాత చర్చ

అందరికీ నమస్కారం.

విజయనగరంలో నిలబడి గురజాడ నాటకం కన్యాశుల్కం ఎలా చదవాలో చెప్పడం చేపపిల్లకు ఈత నేర్పినట్టుంటుంది. ఆ నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ ఎక్కడో అడిగితే ఈ ఊళ్లో చిన్నపిల్లాడైనా చెయ్యి చూపిస్తాడు. గిరీశం మాటలు నాలుగు అందరి నోటా ఆడుతుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. తెలుసనుకున్న పుస్తకాన్ని ఎవరూ తెరవరు. అందుకే నలుగురూ కలిసి, వారానికింత అని, ఫోనుల్లోనో కంప్యూటర్లలోనో చదువుకునే పద్ధతి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. బొబ్బిలిలో ఒకరు, పాలకొండలో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు, డల్లాస్‌లో ఒకరు ఉన్న బృందానికి వేరే దారి కూడా లేదు.

ఇలాంటి బృందాలు మూడో వారానికే ఎందుకు చతికిలబడతాయో ముందు చూద్దాం. జనానికి ఆసక్తి లేక కాదు. "ఇంటి దగ్గర చదువుకుని రండి, ఆదివారం చర్చిద్దాం" అంటాం. పదిమందిలో నలుగురు చదువుతారు. మిగతా ఆరుగురు మొహమాటపడి నోరెత్తరు, లేదా చదవకుండానే పుస్తకం సందేశం గురించి మాట్లాడతారు. రెండోది మరీ ప్రమాదం. దీనికి మందు ఒక్కటే. చదవడాన్ని కూడా సమావేశంలోకే తెచ్చేయాలి. ఆ వారం భాగంలో ముఖ్యమైన ముక్కను అక్కడికక్కడ పైకి చదవాలి. అప్పుడు ఖాళీగా వచ్చినవాడికీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

కాలం లెక్క చూద్దాం. గూగుల్ మీట్ డబ్బు కట్టకుండా వాడితే ముగ్గురు, అంతకు మించి ఉన్న సమావేశం 60 నిమిషాలకు ఆగిపోతుంది. జూమ్ అయితే 40 నిమిషాలకే. కాబట్టి 55 నిమిషాలే ఉన్నాయనుకోండి. 20 నిమిషాలు చదవడానికి, 30 మాట్లాడుకోవడానికి, 5 వచ్చేవారం పాత్రలు పంచుకోవడానికి. మామూలు అచ్చుపుస్తకంలో ఒక పేజీ నిదానంగా పైకి చదివితే మూడు నిమిషాల దాకా పడుతుంది. అంటే 20 నిమిషాల్లో ఆరేడు పేజీలు. ఇంకో పేజీ లాగుదామని చూస్తే కోత పడేది చర్చకే.

కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్లోనే మొదట ఆడింది. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం చదువుకునేది ఆ రెండోదే, ఏడు అంకాలు. అంకానికి రెండు వారాల చొప్పున పద్నాలుగు, పీఠికలకు ఒకటి, మొత్తం పదిహేను వారాలు. పీఠికలు ఇంగ్లీషులో ఉన్నాయని వదిలేస్తుంటారు. వదలకండి. ఈ ఊరి ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకు (అంటే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునేవాటికి) జాబితా రాయిస్తే 1034 తేలాయని, ఏడాదికి సగటున 344 అని మొదటి కూర్పు పీఠికలోనే ఉంది. ఆ అంకె ఒకసారి చెవిన పడ్డాక, కూతుళ్లను డబ్బుకు ఇచ్చే అగ్నిహోత్రావధాన్లు ఒక్క ఇంటి మూర్ఖుడిలా కనిపించడు. పక్కింటి లెక్కలమనిషిలా కనిపిస్తాడు.

పేజీ నంబర్లతో మాట్లాడొద్దు. ఒకరి దగ్గర పాత ప్రతి, ఒకరి దగ్గర కొత్త ముద్రణ, ఒకరికి ఫోనులో వికీసోర్సు (ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే) పాఠం ఉంటాయి. "47వ పేజీ" అనగానే ముగ్గురూ మూడు చోట్ల తేలతారు. అంకం, స్థలం (అంటే సీను), మాట్లాడుతున్న పాత్ర చెప్పండి. "రెండో అంకం మొదటి స్థలం, వెంకమ్మ" అంటే ఎవరికైనా దొరుకుతుంది. స్కాను చేసిన పాతప్రతుల నుంచి కంప్యూటరు అక్షరాలుగా మార్చిన పాఠాల్లో అరసున్నలు, బండిరాలు తారుమారై ఉంటాయి. అనుమానం వస్తే అచ్చుప్రతిదే పైమాట.

ఇక గొంతు. ఈ ప్రాంతం వాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఒక బాధ్యతా ఉంది. నౌకరు అసిరిగాడి మాటలు బయట ఊరివాళ్లకిస్తే వెటకారపు యాసలో చదువుతారు. సినిమాల్లో మన మాటను నవ్వులాటకే వాడి వాడి చెవులు అలా అలవాటు పడిపోయాయి. "ఏటి" అన్నది శ్రీకాకుళంలో హాస్యం కాదు, "ఏమిటి" అని అడగడం. అందుకని ఆ పాత్రలు ఇక్కడివాళ్లకే ఇవ్వండి. రెండోసారి హైదరాబాదు వాళ్ల చేత చదివించండి, అప్పటికి రాగం పట్టుకుంటారు. గిరీశానికి మాత్రం ఎవరినైనా పెట్టొచ్చు, ఇంగ్లీషు ముక్కల దగ్గర ఆగకుండా దూసుకుపోయేవాళ్లయితే చాలు. ఆ ఇంగ్లీషును సరిగ్గా పలకాలని తాపత్రయపడితే మాత్రం గిరీశం చచ్చిపోతాడు.

యంత్రం సంగతి కూడా రెండు ముక్కలు. ఒకే గదిలో రెండు ఫోనులు పెడితే కూత పెడతాయి. ఒకదానికి మైకు, స్పీకరు రెండూ కట్టేయాలి. చదివేవాళ్లు ఇయర్‌ఫోను పెట్టుకోవాలి, లేకపోతే వాళ్ల గొంతే తిరిగి వాళ్లకు వినబడి తడబడతారు. సిగ్నలు తగ్గితే ముందు వీడియో ఆపండి, మాట నిలబడుతుంది. మన ఆదివారం రాత్రి 8 గంటలు డల్లాస్‌లో వేసవిలో ఉదయం 9:30. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, 8:30 అయిపోతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే ఆ వారం అక్కడ మధురవాణి పాత్ర చదివే ఆవిడ గంట ఆలస్యంగా వస్తుంది.

చర్చకు ప్రశ్న ముఖ్యం. "ఈ నాటకం మనకిచ్చే సందేశం ఏమిటి" అని అడిగితే పరీక్ష జవాబులే వస్తాయి. వేలుపెట్టి చూపించగలిగేది అడగండి. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బి పెళ్లి విషయంలో తల్లి వెంకమ్మ మాట ఇంట్లో ఎందుకు చెల్లలేదు? నూతిలో పడ్డాక అయినా చెల్లిందా? ఆ ఇంట్లో పెద్దకూతురు బుచ్చమ్మ ఎన్నిసార్లు మాట్లాడింది, ఎవరితో? ఇవి లెక్కపెట్టి చెప్పాల్సినవి. లెక్కపెట్టాలంటే పుస్తకం తెరవాలి.

ఇంతకన్నా బాగా పనిచేసేది వస్తువు వెంట పడటం. సాని మధురవాణికి కంటె అనే మెడ నగ ఉంది కదా. రామప్పపంతులు చేతిలోకి ఎలా వచ్చింది, మారువేషపు పెళ్లికూతురి మెడలోకి ఎలా వెళ్లింది, ఆ తర్వాత ఎవరెవరు దాని కోసం తిరిగారు? ఒక సభ్యురాలికి ఈ కంటె అప్పగించండి, పదిహేను వారాలూ దాని చిరునామా ఆవిడ రాస్తారు. ఇంకొకరికి డబ్బు. పూటకూళ్లమ్మ దగ్గర గిరీశం పట్టుకెళ్లిన ఇరవై రూపాయలతో మొదలుపెట్టి, నాటకంలో పేరు చెప్పిన ప్రతి రూపాయీ రాయాలి. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎవరు ఎగ్గొట్టారు? ఏడో అంకానికి వచ్చేసరికి ఆ చిట్టాయే ఒక విమర్శవ్యాసం అవుతుంది.

మనవాళ్లకు ఇంకో జబ్బుంది, ఉపన్యాసం. మైకు దొరికితే వదలరు. (ఈ మాట మైకు పట్టుకునే చెబుతున్నాను, నవ్వుకోండి.) మనిషికి రెండు నిమిషాలు పెట్టండి. మొదటి పది నిమిషాలు నిర్వాహకుడు, సాహిత్యంలో పేరున్నవాళ్లు నోరు విప్పకూడదని పెట్టండి. పెద్దాయన తీర్పు చెప్పేశాక కొత్తగా చేరిన అమ్మాయి "నాకు వకీలు సౌజన్యారావు నచ్చలేదండీ" అనలేదు. ఆ మాట బయటికొస్తేనే అసలు చర్చ మొదలవుతుంది.

పాత పుస్తకంలో కులాల పేర్లు, విధవలను, సానులను అనే మాటలు ఉంటాయి. చదివేటప్పుడు మార్చొద్దు, మింగొద్దు. మనం మాట్లాడేటప్పుడు మాత్రం మన మాటలే వాడదాం. గీత అక్కడ గీసుకుంటే సరిపోతుంది.

వాట్సాప్‌లో రెండు గుంపులు పెట్టుకోండి. ప్రకటనలకు ఒకటి, అందులో నిర్వాహకులే రాస్తారు. మాటలకు ఇంకొకటి. ఒకటే ఉంటే శుభోదయం పూలగుత్తుల కింద ఆదివారం లింకు కప్పబడిపోతుంది. అభిప్రాయాలు తెలుగు లిపిలో రాయమనండి. ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక తీరుగా రాసిన తెలుగును తర్వాత వెతికితే దొరకదు.

మరో పుస్తకం ఎంచుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఇబ్బంది లేదు. చాసో (చాగంటి సోమయాజులు) 1994లో, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 2021లో పోయారు. వాళ్ల కథల స్కాను కాపీలు గుంపులో పంచకూడదు, పుస్తకం కొనుక్కోవాలి. కారా మాస్టారి కథ 'యజ్ఞం' చదివేటట్టయితే మూడు వారాలు పెట్టుకోండి. అందరూ ముగింపు మీదికి దూకుతారు. అప్పు ఎలా పెరిగిందన్న లెక్క, పంచాయతీలో ఎవరు ఏ వరసలో మాట్లాడారన్నది తేలేదాకా ఆ చివరి పేజీ తెరవనివ్వొద్దు.

1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాను పదహారో వారానికి ఉంచండి. అంతకుముందు దాని మాటెత్తితే సావిత్రి నటన దగ్గరే గంట గడిచిపోతుంది, ఎవరినీ తప్పుపట్టలేం.

మొదటి ఆదివారం పీఠికలు. రెండో ఆదివారం బొంకులదిబ్బ. దానికి గిరీశం, వెంకటేశం, ఫొటోగ్రాఫు బాకీకి వచ్చే నౌకరు, రంగసూచనలు చదివేవారు కావాలి. పేర్లు ఇప్పుడే ఇచ్చి వెళ్లండి.