తాపీ చేతి బ్యాగులో వద్దు

శ్రోతలకు నమస్కారం. పురావస్తు తవ్వకాలు నేర్చుకోవడానికి గ్రీసు వెళ్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఏ బూట్లు కొనాలి అని. బూట్ల సంగతి తర్వాత, రెండు నెలల ముందు నుంచి రోజూ కాసేపు గొంతుక్కూర్చోవడం అలవాటు చేసుకోండి అంటాను. గ్రీసులో జులై ఎండ మామూలుగా ఉండదు, పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చిన్న గుంటలో మోకాళ్ల మీదే పని.

కాగితాల టెన్షన్ ముందే వదిలించుకోండి. గ్రీసుకు షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మామూలుగా 15 రోజుల ముందుతో గడువు అయిపోతుంది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, తవ్వకం పనిలో దెబ్బ తగిలితే డబ్బు ఇస్తారా అని అడిగి మరీ తీసుకోండి. టెటనస్ ఇంజెక్షన్ మర్చిపోవద్దు.

ఇక తవ్వడానికి వాడే తాపీ. మన మేస్త్రీల చేతిలో ఉండేదే, కాకపోతే చిన్నది, రేకు 4 అంగుళాలు ఉంటే చాలు, అతుకు లేకుండా ఒకే ఇనుముతో చేసింది చూసుకోండి, అతికిందైతే గట్టినేలలో విరుగుతుంది. నెల రోజులు చేతికి అలవాటు చేసుకున్న తాపీని నేను చేతి బ్యాగులో పెట్టుకెళ్లి విమానాశ్రయం తనిఖీలో పోగొట్టుకున్నాను, ఏడుపొచ్చింది. చెకిన్ సామానులో పెట్టండి.

తాపీతో పొడవకూడదు. అంచుతో పలచగా మనవైపు గీసుకుంటూ రావాలి. అలా గీస్తుంటే ఎర్రమట్టిలో ఒకచోట గుండ్రంగా, నల్లగా, కాస్త మెత్తగా తగులుతుంది, నీళ్లు చిలకరిస్తే ఇంకా తేటగా కనబడుతుంది. ఎప్పుడో ఎవరో గుంజ పాతిన గుంట అది. గుంజ కుళ్లిపోయింది, గుంట గుర్తు మిగిలింది. అది కనిపెట్టడం వస్తే సగం పని వచ్చినట్టే.

ఆ చూపు కోసం గ్రీసు దాకా ఆగక్కర్లేదు. మన ఊళ్ల పక్కన పాటిదిబ్బలున్నాయి కదా, ఒకప్పుడు జనం కాపురమున్న పాత ఊళ్ల దిబ్బలు, రైతులు పొలాలకు మట్టి తోలుకునేవి, వాన వెలిసిన మర్నాడు వెళ్లి చూడండి. లోపలంతా నలుపు, బయట మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు ఉన్న పెంకులు కొన్నిచోట్ల దొరుకుతాయి. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలనిచోట అలా నల్లబడుతుందని చెబుతారు. చూసి అక్కడే వదిలేయండి, జేబులో వేసుకుంటే అది ఏ పొరలోదో ఇక ఎవరూ చెప్పలేరు.

గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో 1931 నుంచి తవ్వుతున్న అగోరాలో, అంటే పాతకాలం సంత మైదానంలో, మ్యూజియం ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఎవరిని 10 ఏళ్లు ఊరి నుంచి పంపించేయాలో పౌరులు ఇలాంటి కుండ పెంకుల మీదే పేరు గీరి ఓటేసేవారు, ఆనాటి ఏథెన్స్ నాయకుడు థెమిస్టొక్లీస్ పేరున్నవి అక్కడ కనిపిస్తాయి. పక్కవాళ్లు ఆ పేరు చదువుతుంటే నేను మాత్రం విరిగిన అంచు దగ్గర నారింజ రంగు మన్ను ఎంత మెత్తగా ఉందో చూస్తూ నిలబడిపోయాను, మా ఊరి పాటిదిబ్బ మీద అలవాటైన చూపు అది.